బ్రెజిల్‌లో పనిచేసిన సోయా బాక్టీరియా మా చేలో ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న: మాకు బోథ్ దగ్గర అయిదెకరాల నల్లరేగడి ఉంది. ఏళ్ళ తరబడి పత్తే వేశాం. మూడేళ్ళుగా సోయా చిక్కుడు వేస్తున్నాం. ఈ వానాకాలం దుకాణంలో రైజోబియం, అంటే వేళ్ళకు బుడిపెలు కట్టించి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా, 200 గ్రాముల ప్యాకెట్లు రెండు కొని మొత్తం విత్తనానికి పట్టించాను. ప్యాకెట్ మీద ‘పప్పుధాన్యాలకు’ అని ఉంది. విత్తనం ముందే రంగు మందు పట్టించి అమ్మినది. ఆ ప్యాకెట్ పొడి (కల్చర్) కలిపాక వాన రాలేదు, నాలుగు రోజులు ఆగి విత్తాం. ఎకరాకు ఒక బస్తా డీఏపీ వేశాం. 25 రోజులకు ఆకులు పసుపు పడితే ఎకరాకు బస్తా యూరియా చల్లాం. నెల దాటాక మొక్కలు పీకి చూస్తే వేళ్ళకు బుడిపెలు దాదాపు లేవు. ఇదే బాక్టీరియా మీద పనిచేసిన బ్రెజిల్ శాస్త్రవేత్తకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చిందని పేపర్లో చదివాను. అక్కడ పనిచేసింది ఇక్కడెందుకు పనిచేయదు? ఇంకొక మాట. మా అమ్మాయి అగ్రికల్చర్ బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతోంది. మట్టిలోని సూక్ష్మజీవుల పరిశోధన వైపు వెళ్తానంటోంది. ఆ చదువుకు భవిష్యత్తు ఉందా? – సోయా రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాలామంది ‘కల్చర్ వాడాం, లాభం లేదు’ అని ఒక్క ముక్కలో రాస్తారు. మీరు ఏ రోజు ఏం చేశారో వరసగా రాశారు. అందుకే తప్పు ఎక్కడ జరిగిందో మీ ఉత్తరంలోనే దొరికింది. నేల సూక్ష్మజీవుల మీద 31 ఏళ్ళుగా పనిచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: మీ సోయా వేరు మట్టిలోకి దిగే వేళకు దాని పక్కన బతికున్న బాక్టీరియా చాలా కొద్ది. ఆ కొద్దిలో సోయాకు పనికొచ్చేది ఇంకా తక్కువ.

ముందు ప్యాకెట్ సంగతి. రైజోబియం అని అన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తాం గానీ అన్ని పంటలకూ ఒకటే బాక్టీరియా సరిపోదు. కంది, పెసర, మినుము, అలసంద, వేరుశనగలకు కావలసినవి మన నేలల్లో తరతరాలుగా ఉన్నాయి. ఒక పంట మీది బాక్టీరియా మరో పంటకు కొంతవరకు పనికొస్తుంది కూడా. సోయా సంగతి వేరు. అది తూర్పు ఆసియా పంట. మన దేశంలో పెద్ద ఎత్తున సాగు మొదలై 50 ఏళ్ళ పైచిలుకే. దానికి బ్రాడీరైజోబియం జపానికం, దాని దగ్గరి జాతులు కావాలి. మూడేళ్ళ కిందటి దాకా సోయా పండని పత్తి చేలో అవి ఉంటాయని ఆశపడలేం.

ఎందుకంత పట్టింపు అంటారా? మొలకెత్తిన సోయా వేరు డైడ్జీన్, జెనిస్టీన్ అనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. అది పిలుపు. దగ్గర్లో సరైన బాక్టీరియా ఉంటే ఆ పిలుపు అందుకుని, బదులుగా తానూ ఒక పదార్థం వదులుతుంది. ఆ బదులు తనకు తెలిసినదైతేనే వేరు మీది సన్నని నూగు వంకర తిరిగి బాక్టీరియాను చుట్టేసి లోపలికి రానిస్తుంది. లోపల దారపు పోగంత దారి ఏర్పడుతుంది, ఆ దారి చివర బుడిపె కడుతుంది. నూగు వంకర తిరగడం మైక్రోస్కోపులో మొదటిసారి చూసిన రోజు నేను మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయాను. ‘పప్పుధాన్యాలకు’ అన్న మీ ప్యాకెట్‌లోని బాక్టీరియా మంచిదే, కానీ సోయా పిలుపుకు అది సరైన బదులు ఇవ్వలేదు. కాబట్టి ప్యాకెట్ మీద ‘సోయా చిక్కుడుకు’ అనీ, బ్రాడీరైజోబియం జపానికం లేదా రైజోబియం జపానికం అనీ రాసి ఉంటేనే కొనండి.

ఇక లెక్క. బ్రెజిల్‌కూ మనకూ అసలు తేడా ఇక్కడే ఉంది. జీవన ఎరువులను 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. దాని ప్రకారం పొడి కల్చర్‌లో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న బాక్టీరియా ఉండాలి. అంటే 200 గ్రాముల ప్యాకెట్‌లో 1,000 కోట్లు. వినడానికి చాలా పెద్ద సంఖ్య. కానీ ఎకరాకు 30 కిలోల విత్తనం, నూరు గింజలు 12 గ్రాములు తూగితే ఎకరాకు రెండున్నర లక్షల గింజలు. ఎకరాకు ఒక ప్యాకెట్ వాడినా గింజకు 40 వేలు. మీరు అయిదెకరాలకు రెండు ప్యాకెట్లే కలిపారు, అంటే గింజకు 16 వేలు. అదీ ప్యాకెట్‌లో ఉన్నవన్నీ బతికుండి, అన్నీ గింజకు అంటుకుంటే. బ్రెజిల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా సిఫారసు చేసేది గింజకు కనీసం 12 లక్షలు. అక్కడి చట్టం ప్రకారం కల్చర్‌లోనే గ్రాముకు 100 కోట్లు ఉండాలి. ఈ సంఖ్యలు పక్కపక్కన పెట్టుకుంటే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

మిగిలిన సగం ఎండ, మందు, యూరియా. గింజల మీది రంగు శిలీంద్రనాశిని. మొలక కుళ్ళు రాకుండా అది అవసరమే, కానీ థైరమ్, కాప్టాన్ వంటి మందులు బాక్టీరియాకూ చేటు చేస్తాయి. అలాంటి గింజకు కల్చర్ పట్టించి నాలుగు రోజులు బస్తాలో ఉంచితే మిగిలేది చాలా తక్కువ. వాన కోసం ఆగడం మీ తప్పు కాదు. వాన పడ్డాకే కల్చర్ కలపాలని మీకెవరూ చెప్పకపోవడం మా తప్పు. దుకాణంలో ఆ ప్యాకెట్ వేసవంతా రేకుల కప్పు కింద ఉంటే, మీ చేతికి వచ్చేసరికే అందులో చాలా భాగం చచ్చిపోయి ఉండొచ్చు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మే నెలలో కల్చర్ సీసాలను జీపు వెనక పెట్టుకుని రోజంతా పొలాలు తిరిగాను. ఆ ఏడాది ఆ గ్రామంలో వేసిన ప్రయోగం మొత్తం పోయింది. కల్చర్ పట్టించిన మళ్ళకూ పట్టించని మళ్ళకూ తేడాయే లేదు. నన్ను నమ్మి భూమి ఇచ్చిన రైతుకు ముఖం చూపించలేకపోయాను. అప్పటినుంచి ఐస్ డబ్బా లేకుండా కల్చర్ తీసుకెళ్ళలేదు.

యూరియా దగ్గర మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. బుడిపె కట్టడం మొక్కకు ఖర్చుతో కూడిన పని. ఆకు తయారుచేసిన చక్కెరలో మంచి వాటా బుడిపెలోని బాక్టీరియాకు పెట్టాలి. బదులుగా అది గాలిలోని నత్రజనిని మార్చి ఇస్తుంది. మట్టిలోనే నత్రజని తేరగా దొరుకుతుంటే మొక్క ఆ ఖర్చు పెట్టుకోదు. బుడిపెలు పెరగాల్సిన సమయంలోనే మీరు ఎకరాకు బస్తా యూరియా, అంటే 20 కిలోలకు పైగా నత్రజని, ఇచ్చారు. కాస్తో కూస్తో మొదలైన బుడిపెలు కూడా అక్కడే ఆగిపోయి ఉంటాయి. డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని ఉంది. బుడిపెలు అందుకునే దాకా మొక్కకు అది సరిపోతుంది. మూడు, నాలుగు వారాల వయసులో సోయా కాస్త పసుపు తిరగడం మామూలే. గింజలోని నిల్వ అయిపోయి, బుడిపెలు ఇంకా పని మొదలుపెట్టని రోజులవి. జులై ముసురుకు నల్లరేగడిలో నీళ్ళు నిలిచినా ఆకులు పసుపు పడతాయి. వేరుకు గాలి అందకపోతే బుడిపె కూడా ఆగిపోతుంది. ముందు కాలువ తీసి నీటిని బయటికి పంపండి, వారం ఆగి చూడండి. అప్పుడు యూరియా సంగతి ఆలోచించవచ్చు.

ఎకరాకు 8 క్వింటాళ్ళు పండే సోయాకు సుమారు 64 కిలోల నత్రజని కావాలి. అది మూడు బస్తాల యూరియాకు సమానం. బాక్టీరియా సరిగా కుదిరితే అందులో ఎక్కువ భాగం గాలిలోంచే వస్తుంది. ఈ నమ్మకం మీదే బ్రెజిల్ తన సోయా సాగును నిలబెట్టుకుంది. 1960లలో అక్కడ సోయా పెరుగుతున్నప్పుడు, అమెరికా పద్ధతిలో నత్రజని ఎరువు వేసి పండించాలని ఒక వాదన ఉండేది. జొహానా డోబెరైనర్ అనే శాస్త్రవేత్త, 1924లో చెకోస్లొవేకియాలో పుట్టి యుద్ధం తర్వాత బ్రెజిల్ చేరిన ఆవిడ, ఒప్పుకోలేదు. కొత్త సోయా రకాలను నత్రజని ఎరువు వేయకుండానే ఎంపిక చేయాలని పట్టుబట్టారు. దాంతో బాక్టీరియాతో కలిసి బతకగల రకాలే ముందుకొచ్చాయి. మీరు పేపర్లో చదివిన మరియాంజెలా హంగ్రియా ఆ బాటలో వచ్చినవారే. 1982లో ఎంబ్రాపాలో చేరారు, 1991 నుంచి లోండ్రినాలోని సోయా కేంద్రంలో పనిచేస్తున్నారు. రసాయన ఎరువులే భవిష్యత్తని అందరూ అనే రోజుల్లో ఆమె బాక్టీరియాను వదల్లేదు. ఆమె తేల్చినవాటిలో మీకు పనికొచ్చేది ఒకటుంది. నేలలో పాత బాక్టీరియా ఉన్నా సరే, ఏటా విత్తనానికి కొత్తగా పట్టిస్తే దిగుబడి సగటున 8 శాతం దాకా పెరిగింది. వేరు పుట్టే చోట, పుట్టే వేళ తాజా బాక్టీరియా సిద్ధంగా ఉండటమే దానికి కారణం. 2025 ప్రపంచ ఆహార బహుమతి ఆమెకు ఈ కృషికే వచ్చింది. మన బాపట్లలో పుట్టిన మోదడుగు విజయ్ గుప్తా గారికి చేపల పెంపకంలో కృషికి 2005లో వచ్చింది కూడా ఈ బహుమతే.

వచ్చే వానాకాలం ఇలా చేయండి. విత్తడానికి ఒకటి రెండు వారాల ముందు కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రంలో గానీ అడిగి, ఆ మధ్యే తయారైన సోయా కల్చర్ తెచ్చుకోండి. తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. ఇంట్లో నీళ్ళ కుండ పక్కన, చల్లని చోట ఉంచండి. ఎకరం విత్తనానికి ఒక ప్యాకెట్ చాలదు. 8 నుంచి 10 కిలోల గింజలకు 200 గ్రాములు, అంటే ఎకరాకు మూడు ప్యాకెట్లు వాడండి. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 10 గ్రాముల బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లారాక 8 కిలోల గింజలపై చిలకరించి, కల్చర్ చల్లి, మెల్లగా కలపండి. సోయా గింజ పొట్టు పలుచన, గట్టిగా రుద్దితే పగులుతుంది. నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తేయండి. వీలైతే రంగు మందు లేని విత్తనం తీసుకుని, శిలీంద్రనాశిని, పురుగుమందు ముందు పట్టించి ఆరాక, కల్చర్‌ను అన్నిటికంటే చివర పట్టించండి. రంగు విత్తనమే దొరికితే గింజను వదిలేసి, ఎకరాకు 2 కిలోల కల్చర్‌ను బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి విత్తే సాళ్ళలో వేయండి. నేనైతే మీ పరిస్థితిలో ఈ రెండో దారే ఎంచుకుంటాను.

పది పదిహేను రకాల సూక్ష్మజీవులు ఒకే సీసాలో ఉన్నాయంటూ అమ్మేవాళ్ళు ఈ మధ్య ఊళ్ళకు వస్తున్నారు. వాటి మీద డబ్బు పెట్టొద్దు. ఒక గ్రాము మట్టిలో వేల రకాల బాక్టీరియా ముందే ఉంటాయి. బయటి నుంచి వచ్చినది వాటి మధ్య నిలబడటం చాలా కష్టం. పప్పుజాతి పంటకూ దాని బాక్టీరియాకూ ఉన్న పొత్తు మాత్రం 1888లో బైయరింక్ అనే డచ్ శాస్త్రవేత్త బుడిపెలోంచి ఆ బాక్టీరియాను వేరుచేసిన నాటి నుంచి రుజువవుతూనే ఉంది. ముందు అది సరిగా చేద్దాం.

ఇక అమ్మాయి విషయం. వెళ్ళనివ్వండి. ఆమెకు ఇష్టమైతే ఆపొద్దు. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ప్రవేశ పరీక్ష రాసి అగ్రికల్చరల్ మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేయాలి, ఆ తర్వాత కనీసం మూడేళ్ళు పీహెచ్‌డీ. శాస్త్రవేత్త ఉద్యోగానికి ఏఆర్‌ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్ష ఉంది. పర్మనెంట్ ఉద్యోగం వెంటనే రాదు. ప్రాజెక్టుల్లో కొన్నేళ్ళు ఫెలోషిప్ మీద బతకాలి. ఆ రోజుల్లో ‘ఇంకా సెటిల్ కాలేదా’ అని చుట్టాలు అడుగుతుంటారు, ఆమెకు టెన్షన్‌గా ఉంటుంది. మీరు ఆమె పక్షాన ఉండాలి. మా నాన్న నా పక్షాన ఉన్నారు కాబట్టే నేను ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

నేను చదువుకున్నప్పుడు గాజు పళ్ళెంలో ఆహారం పోసి మట్టి చల్లి, మొలిచిన బాక్టీరియానే లెక్కపెట్టేవాళ్ళం. మట్టిలో ఉన్నవాటిలో అలా మొలిచేవి నూటికి ఒకటి మాత్రమే. వేరు చుట్టూ ఉండే మట్టి ప్రత్యేకమైనదని గుర్తించి జర్మన్ శాస్త్రవేత్త హిల్ట్నర్ 1904లోనే దానికి ‘రైజోస్ఫియర్’ అని పేరు పెట్టాడు. కానీ అందులో ఎవరెవరున్నారో చూసే వీలు డీఎన్‌ఏ పద్ధతులు వచ్చాకే కలిగింది. కాబట్టి మీ అమ్మాయి మైక్రోస్కోపుతో పాటు గణాంకాలు, కంప్యూటర్‌లో డీఎన్‌ఏ సమాచారం విశ్లేషించడం ఇప్పుడే మొదలుపెట్టాలి. పొలం మాత్రం వదలకూడదు. పళ్ళెంలో గెలిచిన బాక్టీరియా పొలంలో ఓడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఆమె మొదటి ప్రయోగం మీ చేలోనే చేయవచ్చు. విత్తే రోజున కొన్ని సాళ్ళు కల్చర్ లేకుండా వదిలేయండి. కల్చర్ తగిలిన చేతులతో ఆ గింజలు ముట్టుకోకుండా వాటినే ముందు విత్తండి. కొయ్య పాతి గుర్తు పెట్టండి. పూత దశలో, 40 రోజులు దాటాక, రెండు చోట్లా పదేసి మొక్కలు తీయించండి. ఈసారి పీకొద్దు. పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. మొన్న మీకు కనిపించనివాటిలో కొన్ని అలా పోయి ఉండొచ్చు. పారతో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా తీసి, బకెట్ నీళ్ళలో నానబెట్టి కడగాలి. మొక్కకు 15 నుంచి 30 బుడిపెలుంటే బాగున్నట్టు. తల్లివేరు పైభాగంలో గుత్తిగా ఉంటే అవి మీరు పట్టించిన కల్చర్ వల్ల వచ్చినవే అనుకోవచ్చు. బ్లేడుతో కోసి చూడమనండి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే పనిచేస్తున్నట్టు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ లాంటి పదార్థమే అక్కడా ఉంటుంది. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే పనిచేయనట్టు. రెండు చోట్ల లెక్కలూ, కోసిన బుడిపెల ఫొటోలూ ఆగస్టులో నాకు పంపమనండి. యూరియా వేయాలో వద్దో అవి చూసి చెబుతాను.