వెలుగుతున్న ట్యూబును ఎందుకు మార్చాలి?

ప్రశ్న: మా రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) మీద నాలుగు టీ5 ట్యూబులు (సన్నని ఫ్లోరోసెంట్ ట్యూబ్‌లైట్లు) పెట్టి 14 నెలలైంది. అన్నీ బాగానే వెలుగుతున్నాయి. కానీ నీలంగా, ఊదాగా మెరిసిన పగడాలు గోధుమరంగుకు తిరుగుతున్నాయి, అద్దాలకు త్వరగా నాచు పడుతోంది. ట్యూబులు మాడిపోయేదాకా ఆగవచ్చా?

జవాబు: ఆగవద్దండి. మాడిపోవడానికి చాలా ముందే ట్యూబు పగడాలకు చాలకుండా పోతుంది. ట్యూబులోని పాదరసపు ఆవిరి నుంచి వెలువడే అతినీలలోహిత కిరణాలను లోపలి ఫాస్ఫర్ పూత మామూలు వెలుగుగా మారుస్తుంది. వాడేకొద్దీ ఆ పూత బలహీనపడి వెలుగు తగ్గుతుంది, దాని రంగు కూడా మారుతుంది. పగడాల కణజాలంలో ఉంటూ వాటికి ఆహారం అందించే సూక్ష్మశైవలాలకు నీలికాంతి చాలా ముఖ్యం. మన కన్ను మాత్రం 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చను ఎక్కువగా పట్టుకుంటుంది. పైగా రోజూ చూసే ట్యాంకులో నెలల తరబడి కొద్దికొద్దిగా జరిగే తరుగుదల దానికి తెలియదు.

వెలుగు చాలనప్పుడు పగడంలో ఆ శైవలాలు పెరిగి, వాటి గోధుమరంగు పగడం సొంత రంగును కప్పేస్తుంది. మీకు కనిపిస్తున్నది ఇదే కావచ్చు. అయితే నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి ముందు ఆ రెండింటినీ పరీక్షించండి. ట్యూబుల మీద, రిఫ్లెక్టరు మీద తెల్లగా పేరుకున్న ఉప్పును కూడా చూడండి. స్విచ్ ఆపి, ట్యూబులు చల్లారాక, మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిస్తే, పోయిందనుకున్న వెలుగులో కొంత తిరిగి వస్తుంది.

రోజుకు 10 గంటల చొప్పున వెలిగే టీ5 ట్యూబులను 9 నుంచి 12 నెలల్లో మార్చడం మంచిది, కాబట్టి మీవి గడువు దాటాయి. మెటల్ హాలైడ్ బల్బులకూ దాదాపు ఏడాదే హద్దు. పార్ మీటరు (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగును కొలిచే పరికరం) దొరికితే, కొత్త ట్యూబులు పెట్టిన రోజునే ఒక చోట కొలిచి రాసుకొని, తర్వాత అక్కడే కొలిచినప్పుడు నాలుగో వంతు తగ్గితే మార్చమని నా సలహా. మీటరు లేకపోతే ట్యూబు చివరి లోహపు మూత మీద మార్కరుతో తేదీ రాయండి, అదే చాలు.

దయచేసి నాలుగింటినీ ఒకేరోజు మార్చకండి. మసక వెలుగుకు అలవాటుపడిన పగడాల మీద ఒక్కసారిగా పూర్తి వెలుగు పడితే, అవి తమలోని శైవలాలను వదిలేసి తెల్లబారిపోతాయి. ఆ నష్టం నుంచి కొన్ని కోలుకోవు. రెండు వారాలకు ఒకటి చొప్పున మార్చండి. మార్చిన ప్రతిసారీ తొలి వారం వెలుగు సమయాన్ని రెండు గంటలు తగ్గించి, తర్వాత మెల్లగా పెంచండి. తీసిన ట్యూబుల్లో పాదరసం ఉంటుంది కాబట్టి వాటిని పగలగొట్టకుండా, మామూలు చెత్తలో వేయకుండా, ప్రమాదకర వ్యర్థాలను సేకరించేవారికి అప్పగించండి.