ఆమెకూ ఒక ఊరుండాలి

తమ్ముడికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కదిలేటప్పుడు కిటికీ ఊచల నీడ ముసలాయన చొక్కా మీద జరిగిపోవడం గురించి రాశావే, ఆ నాలుగు వాక్యాలు నాకు భలే నచ్చాయి. చూసే కన్ను నీకుంది. చప్పట్లు కొడుతూ పెట్టెలోకి వచ్చిన హిజ్రా దగ్గర మాత్రం ఆ కన్ను మూతపడింది. ఆమె డబ్బులడుగుతుంది, హీరో కూతురి ప్రాణం కాపాడుతుంది, పట్టాల మీద చచ్చిపోతుంది. ఆమె పేరేంటి? ఏ ఊరు? పొద్దున్న ఏం తింది? కథలో ఎక్కడా లేదు.

ఈ తప్పు నేనూ చేశాను. ఇరవై ఎనిమిదేళ్లప్పుడు రాసిన ఒక కథలో, పెళ్లింటికి వచ్చే హిజ్రాను నవ్వుల కోసం పెట్టాను. అచ్చయింది, మెచ్చుకున్నారు కూడా. చాలా ఏళ్ల తర్వాత ఒక సభలో ఒకామె నా దగ్గరికొచ్చింది. "నేను హిజ్రానండి. మీ కథ చదివాను. పెళ్లికూతురి మేనత్తకు కూడా ఊరు రాశారు, మాకెందుకు రాయలేదు?" అంది. గొంతులో కోపం లేదు. చేతిలో కూరగాయల సంచి, అందులోంచి పైకి కనిపిస్తున్న తోటకూర కట్ట. నేను రాసిన మనిషికి తోటకూర కొనుక్కుని వెళ్లడానికి ఇల్లే లేదు. ఆ కథను తర్వాత ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

కాబట్టి నీ కథను ఒక నెల పక్కన పెట్టు. ఎలాగూ జూన్ వచ్చింది. 1969 జూన్ 28న న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ బార్ మీద పోలీసులు దాడి చేస్తే అక్కడ చేరే గే, ట్రాన్స్ మనుషులు ఎదురుతిరిగారు. ప్రైడ్ నెల అంటున్నది ఆ గుర్తుగానే. ఈ నెలంతా చదువు, రాయకు.

మొదట రేవతి. తమిళనాడు పల్లెలో పుట్టిన ఆమె తన జీవితాన్ని తానే రాసుకుంది. పి. సత్యవతి గారు దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చారు, 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. మొదటి పేజీలు నెమ్మదిగా చదువు. మగపిల్లాడిగా పెరుగుతున్న రోజుల్లో వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, అమ్మకు ఇంటి పనిలో సాయం చేయడం ఉంటాయి. ఇంటి మీద ప్రేమ, ఇంట్లో తిన్న దెబ్బలు పక్కపక్కనే ఉంటాయి. జాలిపడుతూ చదవకు. ఆ ముగ్గును చూడు.

తర్వాత ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్'. 1942 నాటి ఉర్దూ కథ. బేగం, ఆమె పనిమనిషి కప్పుకున్న రజాయి నీడ గోడ మీద ఏనుగులా ఊగుతుంటే, పక్క మంచం మీది చిన్నపిల్ల భయపడుతూ చూస్తుంది. బూతు రాసిందని లాహోర్ కోర్టుకు లాగారు. బూతు మాట ఏదో చూపించమంటే సాక్షులు చూపించలేకపోయారు, కేసు కొట్టేశారు. పిల్ల కంటికి కనిపించింది మాత్రమే రాయడం ఎంత కష్టమో నీకు అర్థమవుతుంది. అయినా అది బయటినుంచి చూసిన కథ. భర్త పట్టించుకోని ఆడదానికి దొరికిన ఊరటలా ఉంటుందే గానీ, ఇద్దరి మధ్య ప్రేమలా ఉండదు. ఆ లోటు తెలియాలంటే వెంటనే కన్నడ రచయిత వసుధేంద్ర 'మోహనస్వామి' చదవాలి. 2013లో వచ్చింది, ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. తాను గే అని దాచుకోకుండా చెప్పిన రచయిత. ప్రేమించిన మగవాడు పెళ్లికి సిద్ధమైతే, మిగిలిపోయినవాడి బాధ మన ఇళ్ల బాధలాగే ఉంటుంది.

ఫోర్‌స్టర్ 'మారిస్' ఒక్క కారణానికి చదువు. ఆ ఇంగ్లీషు రచయిత 1913లో మొదలుపెట్టిన నవల, ఆయన పోయాక 1971లో గానీ అచ్చు కాలేదు. ఇద్దరు మగవాళ్లు కలిసి బతికే ముగింపే కావాలని ఆయన పట్టుబట్టాడు. నీ రైలు పట్టాలు గుర్తు తెచ్చుకో.

మన దగ్గరా వెతుకు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించుకున్న ఊళ్లు మనవి. అందులో బృహన్నలకు కొలువుంది, శిష్యురాలుంది. యుద్ధానికి వెళ్తుంటే బొమ్మపొత్తికలకు గుడ్డలు తెమ్మని ఉత్తర చనువుగా అడుగుతుంది. మారువేషమే అనుకో, తిక్కన ఆ చనువును ఎంత ముద్దుగా రాశాడో చూడు.

ఇంకో మాట. నీ కథలో టీసీ 'కొజ్జా' అంటాడు, అననీ, అలాంటి మనిషే. కానీ రెండు పేరాల తర్వాత కథ చెప్పే గొంతు కూడా అదే మాట అంది. అది కొట్టెయ్. ఆమెకు అరవై ఏళ్లని రాశావు గనక ఇది కూడా తెలుసుకో: హైదరాబాద్‌లో హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో రాసిపెట్టి, ఆ పేరున్నవాళ్లు ఆడబట్టల్లో వీధిలో కనిపిస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చన్న 1919 నాటి నిజాం చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. ఆమె పుట్టినప్పుడు ఆ చట్టం పుస్తకాల్లోనే ఉంది.

సత్యవతి గారి పుస్తకం నా కాపీ పోస్టులో పంపుతున్నాను. పెన్సిల్ గీతలు నావి, చెరపకు. జూలైలో కథ మళ్లీ పంపు. మొదటి పేజీలోనే ఆమె పేరు, ఊరు కనిపించాలి.

ఆశీస్సులతో,
అక్క