చెదపుట్ట చూసి మండపం కడతానంటోంది, ఏం చదివించాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా పాప పదో తరగతి పరీక్షలు రాసింది. స్కూల్ ఎగ్జిబిషన్‌లో చెదపుట్టను చూసి ఊరందరూ కూర్చునే చల్లటి మండపం మోడల్ చేసింది. ఇప్పుడు ‘బయోమిమిక్రీ (ప్రకృతిని చూసి డిజైన్ చేయడం) చదువుతా’ అంటోంది. ఉద్యోగాలుంటాయా? ఇంటర్‌కి విశాఖ పంపుదామనుకుంటున్నాం.

జవాబు: ముందు విశాఖ సంగతి తేలుద్దామండీ, అసలు చిక్కు అక్కడుంది. పాపకి సరిపోయేది బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, ఐదేళ్ల కోర్సు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకి. సొంత రాష్ట్రమంటే ఇల్లున్న చోటు కాదు, పన్నెండో తరగతి పాసైన చోటు. మీ ఒడిశాలోని రూర్కెలా ఎన్‌ఐటీలో బీఆర్క్ ఉంది. విశాఖలో ఇంటర్ చదివితే రూర్కెలాలో పాప బయటి పిల్లే. విజయవాడలోని కేంద్ర ప్రభుత్వ ఆర్కిటెక్చర్ కాలేజీ ఎస్‌పీఏకి ఈ పేచీ లేదు. ఎక్కడ చదివినా మ్యాథ్స్, ఫిజిక్స్ వదలొద్దు.

బయోమిమిక్రీ అని బోర్డు పెట్టిన ఉద్యోగం కోసం వెతక్కండి. ఆర్కిటెక్ట్ అయ్యాక పనికొచ్చే చూపు అది. జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్ కట్టిన ఈస్ట్‌గేట్ భవనం చెదపుట్టను చూసి వచ్చిన ఆలోచనే. రాత్రి చల్లగాలిని ఫ్యాన్లతో లోపలికి తోలి కాంక్రీటును చల్లారుస్తారు, పగలు ఆ చలువే లోపల చల్లగా ఉంచుతుంది. తమాషా ఏమిటంటే, పుట్ట లోపల గాలి ఆయన అనుకున్నట్టు తిరగదని తర్వాత పరిశోధకులు తేల్చారు. భవనం మాత్రం బాగానే నడుస్తోంది!

పాపకి రెండు థర్మామీటర్లు కొనివ్వండి. మిట్టమధ్యాహ్నం ఒకటి మోడల్ లోపల, ఒకటి బయట నీడలో పెట్టి వారం రోజులు రాయమనండి. తేడా రాకపోతే ఏడవనివ్వండి, మళ్లీ చేస్తుంది. సెలవుల్లో కొండమీది సవర గిరిజనుల ఊళ్లకి తీసుకెళ్లండి. ఆ మట్టిగోడ మందం, తల వంచితేగానీ దూరలేని ఆ చూరు టేపుతో కొలిచి బొమ్మ గీయాలి. 2018లో తిత్లీ తుపాను చూసినవాళ్లం కదా, మన దగ్గర మండపం చల్లగా ఉంటే చాలదు, కప్పు ఎగిరిపోకూడదు.

జీతం సంగతి దాచను. మొదటి రెండు మూడేళ్లు తక్కువే వస్తుంది. చదువు అవగానే ఇంటి అప్పులు పాపే తీర్చాలంటే సివిల్ ఇంజనీరింగే నయం.

ఆ అవసరం లేకపోతే పాప చేత రోజూ బొమ్మలు గీయించండి. జేఈఈ మెయిన్ బీఆర్క్ పేపర్‌లో 400 మార్కులకి బొమ్మలకే 100.