ఫుల్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తానంటున్నాడు, నమ్మొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. అమ్మాయి ఇంటర్ సెకండియర్. 400 మీటర్లు 56 సెకన్లలో పరిగెడుతుంది. అమెరికా కాలేజీలో ఫుల్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తానని ఒకాయన ఇప్పుడు లక్ష, సీటొచ్చాక నాలుగు లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: వద్దండీ. డబ్బు పోతుందన్న భయంతో మాత్రమే కాదు. స్కాలర్‌షిప్ ఇప్పించినందుకు ఇంత అని మాట్లాడుకుంటే, అక్కడి కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ లెక్కలో ఆయన మీ అమ్మాయికి ఏజెంట్ అవుతాడు. అప్పుడు ఆమెకు పోటీల్లో దిగే అర్హతే పోవచ్చు. ‘పనయ్యాకే ఇవ్వండి’ అన్న మాట మనకు నిజాయితీగా వినిపిస్తుంది. చిక్కంతా దాంతోనే.

ఇక స్కాలర్‌షిప్ సంగతి. ఎన్‌సీఏఏ కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీస్తుంది, డివిజన్-1 అన్నిటికంటే పైది. మొన్నటిదాకా అందులో మహిళల ట్రాక్ జట్టు మొత్తానికి 18 స్కాలర్‌షిప్పులే. కోచ్ వాటినే ఒకరికి సగం, ఒకరికి పావు చొప్పున పంచేవారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో (ఆటగాళ్లకు డబ్బు చెల్లించే విషయమై నడిచిన కేసులో రాజీ), అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది. బదులుగా జట్టులో 45 మందికి మించి ఉండకూడదన్నారు. ఆ 45 మందికీ ఫుల్ ఇవ్వొచ్చు. ఇచ్చి తీరాలని మాత్రం లేదు. ఈ రెండో మాట ఏజెంట్లు చెప్పరు. ట్రాక్‌కు సొంత రాబడి దాదాపు సున్నా. పెద్ద కాలేజీల్లో అది బతికేది ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ టీవీ సొమ్ము మీద. ఇప్పుడు ఆ ఆటగాళ్లకే వాటా పంచాల్సి వస్తోంది కాబట్టి ట్రాక్ కోచ్ చెయ్యి ఇంకా బిగుసుకుంది.

తేజస్విన్ శంకర్ వెళ్లలేదా అంటారేమో. అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లకముందే, 2016లో, స్కూల్ వయసులోనే హైజంప్‌లో 2.26 మీటర్లతో జాతీయ రికార్డు కొట్టిన కుర్రాడు ఆయన. అలాంటివాళ్ల వెంట కోచ్‌లే పడతారు.

మీ అమ్మాయికీ ఒక అనుకూలం ఉంది. కోచ్‌కు కావాల్సింది జట్టుకు పాయింట్లు తెచ్చేవాళ్లు. కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల బృందం) మీట్‌లో మొదటి ఎనిమిది స్థానాలకే పాయింట్లు, గెలిస్తే 10, ఎనిమిదో స్థానానికి 1. స్ప్రింటర్లు, త్రోయర్లు, లాంగ్ డిస్టెన్స్ వాళ్లు అందరూ ఆ 45లోనే సర్దుకోవాలి. 400 పరిగెత్తే అమ్మాయి 4×400 రిలేకూ పనికొస్తుంది, అంటే ఒక్క చోటుతో కోచ్‌కు రెండు పనులు. అయినా పెద్ద కాన్ఫరెన్సుల్లో 56 సెకన్లు చాలవు. చిన్న డివిజన్-1 కాలేజీలు, డివిజన్-2 చూడండి. డివిజన్-3, ఐవీ లీగ్ కాలేజీల్లో ఆటల కోటాలో డబ్బు ఇవ్వరు.

టీఎఫ్‌ఆర్‌ఆర్‌ఎస్ (TFRRS) అనే సైట్‌లో ప్రతి జట్టు ఫలితాలూ ఉంటాయి. ఒక కాలేజీ తెరిచి 400 వాళ్ల టైమింగులు, ఎవరు ఏ ఇయరో చూడండి. ముగ్గురు సీనియర్లు (ఫైనలియర్ వాళ్లు) వెళ్లిపోతున్న జట్టు అయితే స్ప్రింట్స్ కోచ్‌కు అమ్మాయి చేతే ఈమెయిల్ రాయించండి. ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న మీట్ ఫలితం, రేసు వీడియో, మార్కులు జతచేయాలి. స్టాప్‌వాచ్ టైమింగును అక్కడ పెద్దగా లెక్కచేయరు.

జవాబొస్తే మొహమాటపడకుండా అడగండి: మొత్తం ఖర్చులో ఎంత ఇస్తారు, ఎన్నేళ్లకు, గాయమైతే ఏమిటి? అంతా కాగితం మీద రావాలి. మిగతా సొమ్ము ఉందని ఆధారం చూపిస్తేనే కాలేజీ ఐ-20 (విద్యార్థి వీసాకు కావాల్సిన పత్రం) ఇస్తుంది. సగం స్కాలర్‌షిప్ వచ్చినా రెండో సగం లక్షల్లోనే ఉంటుంది. వీసా నిబంధనల వల్ల బయట ఉద్యోగం చేసి పూడ్చుకోవడం కుదరదు కాబట్టి, ఆ అంకె చూశాకే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.