80 కిలోల జీడి బస్తా దగ్గర మొదలుపెట్టండి

"శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జీడి, కొబ్బరి, గ్రానైట్, మాంగనీసు, రెండు నదులు, బోలెడంత తీరం ఉన్నా వలసలు ఆగడం లేదు. పోర్టు, ఎయిర్‌పోర్టు వస్తే బాగుపడతామా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఒకరు అడిగారు.

మూలపేట పోర్టు రావాలి, భోగాపురం ఎయిర్‌పోర్టూ రావాలి. కానీ దారి లేక మనం వెనకబడలేదు. హౌరా-చెన్నై రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి రెండూ ఈ జిల్లాల మధ్యనుంచే పోతున్నాయి. విజయనగరం వైపు 1890ల నుంచే మాంగనీసు తవ్వి పంపుతున్నారు. నూట ముప్పై ఏళ్లుగా సరుకు బయటకి పోవడానికి ఏ అడ్డూ లేదు. అది చాలావరకు ముడిసరుకుగానే పోతోంది, దాని లోపల ఎంత విలువుందో ఇక్కడ ఎవరూ కొలవడం లేదు. నా దృష్టిలో అసలు జబ్బు ఇదే. దీనికి జీడి కంటే మంచి ఉదాహరణ దొరకదు.

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో జీడి పిక్కలు (తొక్కతో ఉన్న గింజలు) 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు పిక్కలు తీసి, ఒకటి రెండు కొట్టి చూసి రేటు చెప్తాడు. పలాస ఫ్యాక్టరీలకి మన పిక్క ఏడాదంతా సరిపోదు కాబట్టి ఆఫ్రికా దేశాల పిక్క కూడా వస్తుంది. ఆ పిక్కని మాత్రం ఎవరూ చేత్తో చూసి కొనరు. కటింగ్ టెస్టు చేసి, బస్తాకి ఎన్ని పౌన్ల (పౌను అంటే సుమారు 454 గ్రాములు) పప్పు దిగుతుందో కాగితం మీద రాసుకుని, అంతకంటే తగ్గితే ధర కోస్తారు. ఆఫ్రికా పిక్కకి ఉన్న లెక్క ఉద్దానం పిక్కకి లేదు. ముందు ఇది మారాలి.

ఆ టెస్టు ఏ రైతు సంఘమైనా చేసుకోవచ్చు. లాట్‌లో కనీసం పదో వంతు బస్తాలు ఎంచి, ఒక్కోదానిలో పైన, మధ్యన, అడుగున పిక్కలు తియ్యాలి. అన్నీ కలిపి పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ కిలో వరకు తగ్గించుకోవాలి. ముందు ఆ కిలోలో ఎన్ని పిక్కలున్నాయో లెక్కపెట్టాలి. 180 నుంచి 200 ఉంటే మంచి సైజు, 220 దాటితే చిన్న పిక్క. తర్వాత ప్రతి పిక్కనీ కోసి, మంచి పప్పు ఒక కుప్ప, మచ్చలున్నది ఒక కుప్ప, బూజు పట్టినవి, తాలు, లేత పిక్కలు ఇంకో కుప్ప వెయ్యాలి. మంచి పప్పు బరువుకి మచ్చ పప్పు బరువులో సగం కలిపి, ఆ గ్రాముల్ని 0.176తో హెచ్చిస్తే 80 కిలోల బస్తాకి ఎన్ని పౌన్లో వస్తుంది. మంచిది 260 గ్రాములు, మచ్చది 24 గ్రాములు అనుకోండి. లెక్కకి 272 గ్రాములు, అంటే సుమారు 48 పౌన్లు, కిలోల్లో 21.8. ఇంకో తోట పిక్క 44 పౌన్లే దిగవచ్చు. రెండిటికీ తేడా బస్తాకి దాదాపు 1.8 కిలోల పప్పు. ఊళ్లో ఇద్దరికీ ఒకే రేటు ఇస్తే మంచి పిక్క పండించినవాడు నష్టపోతాడు. మరుసటి ఏడు అతనికి మాత్రం పిక్క పండేదాకా ఆగాల్సిన అవసరం ఏముంది?

లేత పిక్క సమస్య అక్కడే పుడుతోంది. పండు పండి రాలాకే పిక్క ఏరాలి. దొంగల భయం, చేబదులు తీర్చాలన్న తొందర, ఎలాగూ ఒకే రేటు కదా అన్న ఆలోచన, ఈ మూడూ కలిసి కర్రతో దులిపేలా చేస్తాయి. అలా దులిపిన పిక్కలో పప్పు ముడుచుకుపోతుంది, పొట్టు వదలదు.

తేమ సంగతి ఇంకా ఘోరం. చెట్టు కింద ఏరిన పిక్కలో 16 శాతం తేమ ఉంటే, 9 శాతానికి ఎండేసరికి 80 కిలోలు సుమారు 74 కిలోలవుతాయి. ఈ 6 కిలోలు ఎవరి ఖాతాలో పోవాలన్నదే ప్రతి సీజన్లో తగువు. రెండు మూడు రోజులు మంచి ఎండలో పల్చగా పరిచి, తిరగేస్తూ ఆరబెట్టి, తేమ కొలిచే మీటరుతో చూపిస్తే తగువు ఉండదు. మట్టి నేల మీద వద్దు, సిమెంటు కళ్లం కానీ టార్పాలిన్ కానీ వాడాలి. సాయంత్రం పోగు చేసి కప్పకపోతే రాత్రి మంచుకి పగలంతా ఆరిన తేమ మళ్లీ పట్టేస్తుంది. బస్తాలు గోనెసంచులే అయ్యుండాలి. గోడకి ఆనించకుండా, చెక్క పలకల మీద నేలకి అర అడుగు ఎత్తున పేర్చాలి. ప్లాస్టిక్ సంచిలో పిక్క చెమర్చి, వానాకాలానికి లోపల పప్పు నల్లబడుతుంది.

బస్తాకి 16,000 రూపాయల మద్దతు ధర ఇవ్వాలన్న రైతుల డిమాండు న్యాయమైనదే, నేను సమర్థిస్తాను. అయితే మద్దతు ధర వచ్చినా, పంట వచ్చిన నెలలోనే అందరూ అమ్ముకోవాల్సి వస్తే బేరం కొనేవాడి చేతిలోనే ఉంటుంది. గోదాముల నియంత్రణ సంస్థ గుర్తింపు ఉన్న గోదాములో సరుకు పెడితే ఎలక్ట్రానిక్ రశీదు ఇస్తారు. 2007 గోదాముల చట్టం ప్రకారం దాన్ని తాకట్టు పెట్టి బ్యాంకు రుణం తీసుకోవచ్చు. ఈ ఏర్పాటు ఉద్దానం మండలాల్లో, ఊళ్లకి దగ్గర్లో ఉండాలి. జిల్లా కేంద్రంలో ఉంటే పది బస్తాల రైతుకి ఆటో కిరాయే భారమవుతుంది.

ఇక ఫ్యాక్టరీ. పాత పద్ధతిలో డ్రమ్ములో కాల్చేవారు. తొక్కలోని నూనె మండి, కళ్లు మండే పొగగా పోయేది. ఆవిరిలో ఉడికిస్తే నూనె తొక్కలోనే ఉంటుంది, పప్పు తెల్లగా వస్తుంది. ఉడకడం తక్కువైతే తొక్క సాగుతుంది, కత్తి పడినప్పుడు పప్పు విరుగుతుంది. ఎక్కువైతే నూనె పప్పుకి పట్టి రంగు మారుతుంది. ఉడికాక కనీసం పన్నెండు గంటలు ఆరనివ్వాలి. ఆర్డరు తొందరని వేడి మీదే కటింగుకి పంపితే గుండు పప్పు (విరగని పప్పు) తగ్గి బద్దలు, ముక్కలు పెరుగుతాయి. 48 పౌన్ల బస్తాలో గుండు పప్పు పది శాతం తగ్గినా రెండు కిలోలకి పైగా సరుకు తక్కువ రేటు గ్రేడ్లలోకి జారుతుంది. 320 గ్రేడంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు. ఆ గ్రేడుకీ నూకకీ ధరలో ఎంత తేడా ఉందో పలాస బజార్లో ఏ కొట్టువాడిని అడిగినా చెప్తాడు. కోసిన పప్పుని బోర్మాలో (వేడి గాలితో ఆరబెట్టే గదిలో) 70 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఆరబెడితే పొట్టు వదులుతుంది. ట్రేలు మధ్యలో పైవి కిందకి, కిందవి పైకి మార్చకపోతే ఒకవైపు మాడి, ఇంకోవైపు పొట్టు అతుక్కునే ఉంటుంది.

ఈ పనంతా చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. తొక్క నూనె తగిలి వేళ్లు పొక్కిపోతాయి. కిలో లెక్కన కూలి కాబట్టి, గ్లవుజు వేసుకుంటే చెయ్యి నెమ్మదిస్తుందని తీసేస్తారు. గ్లవుజులు పంచి ఫొటో దిగితే సరిపోదు. వేసుకున్నా కూలి తగ్గకుండా రేటు కట్టాలి. జిల్లా అభివృద్ధి అని మాట్లాడేవాళ్లు ఈ వేళ్ల గురించి మాట్లాడకపోతే నాకు కోపం వస్తుంది.

పప్పు తీశాక బస్తాలో మిగిలేది 50 కిలోలకి పైగా తొక్క. దాన్ని ఎక్స్‌పెల్లర్‌లో పిండితే 8 నుంచి 10 కిలోల నూనె వస్తుంది. అది బ్రేకు లైనింగులకి, రంగులకి, రెసిన్లకి కావాల్సిన సరుకు. పిండిన పిప్పి బాయిలరులో వెయ్యవచ్చు. పిండకుండా పచ్చి తొక్కే తగలేస్తే ఘాటు పొగ, పైగా బాయిలరు గొట్టాల్లో మసి గడ్డకట్టి ఆవిరి అందదు. ఒక్కో చిన్న ఫ్యాక్టరీకి ఎక్స్‌పెల్లర్ గిట్టదు. పది పదిహేను ఫ్యాక్టరీలు కలిసి ఒకటి పెట్టుకోవాలి. చిన్న ఆహార యూనిట్లకి 2020లో మొదలైన కేంద్ర పథకం కింద ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ పెట్టారు, ఇప్పుడూ ఇస్తున్నారేమో కనుక్కోండి. ఇస్తుంటే బోర్మా, గ్రేడింగు బల్లలు, ప్యాకింగు మిషను దాంతో తెచ్చుకోవచ్చు.

పండు మాత్రం మొత్తం మట్టిపాలు. పిక్క బరువుకి అయిదు నుంచి ఎనిమిది రెట్లు పండు ఉంటుంది. ఒక్క బస్తా వెనక 400 కిలోలకి తక్కువ కాకుండా తోటలోనే కుళ్లుతోంది. నారింజ కంటే నాలుగైదు రెట్లు సి విటమిన్ ఉన్న పండది. ఇసుక మీద పడి చిట్లితే ఒక్క రోజులో పులుస్తుంది. అందుకే చెట్టు కింద వల కట్టాలి, లేదా చేత్తో కొయ్యాలి, లోతు తక్కువ ట్రేల్లో పెట్టి అదే రోజు రసం తియ్యాలి. గొంతు పట్టే వగరు పోవాలంటే లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పిండి నీళ్లలో ఉడికించి, చల్లార్చి కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన రసం వంచుకోవాలి. అవసరమైతే ఇంకోసారి. ఇనప పాత్రలు వాడితే రసం నల్లబడుతుంది, స్టీలువే వాడాలి. పండు ఆగదు కాబట్టి యూనిట్ తోటలకి దగ్గరగా, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లోనే ఉండాలి.

గ్రానైటు, మాంగనీసు గురించి క్లుప్తంగా. టెక్కలి నీలి రాయిని ఎక్కువగా బ్లాకులుగానే పంపేస్తున్నాం. తూటాలతో పగలగొట్టిన బ్లాకులో వెంట్రుకంత పగుళ్లు పడతాయి, పాలిష్ పట్టాకే బయటపడతాయి. డైమండ్ వైరుతో కోస్తే వృథా తగ్గుతుంది, పలకలు ఇక్కడే కొయ్యవచ్చు. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు ఖనిజంలో భాస్వరం ఎక్కువ. వేరే ఖనిజంతో కలపకుండా మంచి ఫెర్రో మాంగనీసు రాదు. టన్నుకి రెండున్నర వేల యూనిట్లకి పైగా కరెంటు కావాలి కాబట్టి ఆ పరిశ్రమ బతుకు కరెంటు రేటు మీదే ఉంది. ఇవి ప్రభుత్వం తేల్చాల్సినవి. జీడి లెక్క మనమే తేల్చుకోగలం, అందుకే ముందు అది అంటున్నాను.

చివరిగా చెట్ల మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140-150 కిలోమీటర్ల గాలి, మధ్యలో 165 వరకు విసురు. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి నేలకి ఒరిగింది, జీడి వేళ్లతో సహా లేచిపోయింది. తరాలుగా తిండి పెట్టిన తోటలు ఒక్క పూటలో పోయాయి. నష్టపరిహారం ఇచ్చారు. కానీ మళ్లీ ఏ మొక్క పెట్టాలన్నది ఇంటింటికీ వెళ్లి చెప్పాల్సిన సమయం అదే. విత్తనం మొక్క ఏ చెట్టుకా చెట్టు, పిక్క సైజు ఒకలా ఉండదు. అంటు మొక్క పెడితే మూడో ఏడు కాపు మొదలవుతుంది. బాపట్ల పరిశోధనా కేంద్రం ఇచ్చిన బి.పి.పి.-8 రకం పిక్క పెద్దది. 8 మీటర్ల ఎడంలో ఎకరానికి 63 మొక్కలు పడతాయి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు, దాని కింద వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి, లేకపోతే అంటు చచ్చి అడుగు మొక్కే చెట్టవుతుంది.

నిలిచిన ముసలి చెట్లలో కాండం ఆరోగ్యంగా ఉన్నవాటిని నేలకి ముప్పాతిక మీటరు ఎత్తున కోసి, కొత్త చిగుళ్ల మీద మంచి రకం అంటు కట్టవచ్చు. కోసిన చోట మందు పూత తప్పనిసరి, కాండం తొలిచే పురుగు ముందు అక్కడికే వస్తుంది. చెట్టు మొదట్లో రంపప్పొట్టు రాలినా, బంక కారినా ఆ రోజే చూడాలి. చిగుళ్ల రసం పీల్చే టీ దోమకి చిగురు, పూత, పిందె అని మూడు దశల్లో మందు కొట్టాలి, అదీ పక్క తోటలవాళ్లతో కలిసి ఒకే వారంలో. ఒక్కరే కొడితే దోమ గట్టు దాటి వెళ్లి, మందు వాసన పోయాక తిరిగొస్తుంది.

మీ ఊళ్లో రైతు సంఘం ఉంటే వచ్చే మార్చిలోపు మూడే కొనండి: తేమ మీటరు, గ్రాము తూకం, కటింగ్ మిషను. మొదటి లాట్ నుంచే ప్రతి రైతు పేరు పక్కన పౌన్లు రాయండి, ఆ కాగితం చేత్తో పట్టుకునే బేరానికి కూర్చోండి.