వంద శాతం పాత బ్లాక్: స్టెంట్ ఇప్పుడే వేయించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని యాంజియోగ్రామ్ చేయించాం. గుండె కుడి రక్తనాళం వంద శాతం మూసుకుపోయిందని, అది పాత బ్లాక్ అని, మిగతావి బాగానే ఉన్నాయని చెప్పారు. ఒక డాక్టరు వెంటనే స్టెంట్ వేయాలన్నారు, మరొకరు మందులు చాలన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వంద శాతం అనగానే ఎవరికైనా భయమేస్తుంది. కానీ రక్తం గడ్డకట్టి నాళం ఉన్నట్టుండి మూసుకుపోతే అది హార్ట్ ఎటాక్, అక్కడ ప్రతి నిమిషమూ ముఖ్యమే. మూడు నెలలకు పైగా మూసుకుపోయి ఉన్న బ్లాక్ సంగతి వేరు. మీరు నిదానంగా ఆలోచించుకోవచ్చు.

యాంజియోగ్రామ్ సీడీని డాక్టరు పక్కన కూర్చుని చూడండి. కుడి నాళంలోకి ఎక్కించిన రంగు మందు ఒకచోట ఆగిపోతుంది. ఎడమవైపు ఎక్కించినప్పుడు మాత్రం, వెంట్రుకల్లాంటి సన్నని నాళాల గుండా ఆ కుడి నాళం కింది భాగం మెల్లగా నిండుతుంది. అవి శరీరం వేసుకున్న పక్కదారులు. కూర్చున్నప్పుడు ఆ రక్తం సరిపోతుంది, మెట్లెక్కేటప్పుడు చాలకపోవచ్చు.

స్టెంట్ వేస్తే ఆయుష్షు పెరుగుతుందా అంటే, ఇంతవరకు అలా రుజువు కాలేదు. దక్షిణ కొరియాతో పాటు మన దేశమూ పాల్గొన్న డెసిషన్-సీటీఓ అధ్యయనంలో (2019; సీటీఓ అంటే ఇలాంటి వంద శాతం పాత బ్లాకే) మరణాలు, గుండెపోట్లు తగ్గలేదు. అది అనుకున్నంత మందిని చేర్చుకోకుండానే ఆగిపోయింది, కాబట్టి అదే చివరి మాట కాదు. 2018 నాటి యూరో-సీటీఓ అనే మరో అధ్యయనంలో మాత్రం నాళం తెరిచినవారికి ఛాతీనొప్పి బాగా తగ్గింది. అందుకే మందులు సరైన మోతాదులో వాడినా బాధ తగ్గనివారికే నేను ఎక్కువగా స్టెంట్ సూచిస్తాను.

అయితే ఇక్కడో చిక్కుంది. 'నాకేం లేదు, బాగానే ఉన్నా' అనే పెద్దవాళ్లు చాలామంది నడవడం మానేసి ఉంటారు. నొప్పి ఉందా అని కాకుండా, ఏమేం మానేశారో అడగండి. పొద్దున్నే పాలకు వెళ్లే మనిషి ఇప్పుడు మనవణ్ని పంపుతున్నారా? మేడ మీదికి వెళ్లడం లేదా? అదీ లక్షణమే.

ఎకోలో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) ఆ కుడి నాళం రక్తం అందించే భాగంలో గుండె కండరం కదులుతోందో లేదో చూడాలి. కదలకపోతే, అది ఇంకా బతికే ఉందో లేదో తెలుసుకోవడానికి ఎంఆర్ఐ గానీ పెట్ స్కాన్ గానీ అవసరం. మచ్చగా మారిన కండరానికి రక్తం అందించినా లాభం ఉండదు.

పాత బ్లాక్ తెరవడం మామూలు స్టెంట్ లాంటిది కాదు. గంటల తరబడి పట్టొచ్చు, రంగు మందు ఎక్కువ వాడాలి, నాళానికి చిల్లు పడే ప్రమాదమూ ఎక్కువే. ఆ రంగు మందు కిడ్నీలకు భారం, పైగా ఇన్నేళ్ల షుగర్ ఉంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) తప్పకుండా చూపించండి.

ముందు ఆస్పిరిన్, స్టాటిన్, బీటా బ్లాకర్ వంటివి మీ డాక్టరు చెప్పినట్టు రెండు మూడు నెలలు వదలకుండా వాడించండి. చెడు కొలెస్ట్రాల్ 70 లోపు ఉండాలి, 55 లోపైతే ఇంకా మంచిది. ఈలోగా ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఛాతీలో నొప్పి, చెమటలు వస్తే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఆ రెండు మూడు నెలలు మందులు వాడాక కూడా అవే మెట్ల దగ్గర ఆయాసం వస్తుంటే, స్టెంట్ వేస్తామన్న డాక్టరును రెండు సంగతులు అడగండి: ఇలాంటి పాత బ్లాకులు ఏడాదికి ఎన్ని తెరుస్తారు? ఇది తెరిస్తే నాన్నగారు ఇప్పుడు చేయలేని ఏ పని చేయగలుగుతారు?