పశువులు కొనే ముందు పచ్చిమేత లెక్క చూడాలి

ప్రశ్న: రెండెకరాల్లో వరి వేస్తూ ఏడాది క్రితం సమీకృత సేద్యం మొదలుపెట్టాను. రెండు గేదెలు, పది మేకలు, పది సెంట్ల కుంటలో వెయ్యి చేపపిల్లలు ఉన్నాయి. పశువులకు వరిగడ్డి, గట్ల మీది గడ్డి వేస్తాను. పేడంతా రోజూ కుంటలోకే వెళ్తుంది. పాలు సగానికి పడిపోయాయి. ఒక గేదె ఈని ఆరు నెలలైనా ఎదకు రాలేదు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మొప్పల జబ్బని దుకాణంలో యాంటీబయోటిక్, గేదెలకు కాల్షియం టానిక్ ఇచ్చారు. ఇంకేం వాడాలి?

జవాబు: ముందు ఆ రెండూ ఆపండి. మీరు చెప్పినదాన్ని బట్టి చేపలకు జబ్బు లేదు, ఊపిరాడడం లేదు. గేదెలకు మేత చాలడం లేదు.

కుంట పని ఈరోజే చూడాలి. ఆలస్యమైతే ఒక్క రాత్రిలో చేపలన్నీ పోతాయి. పది సెంట్ల కుంటకు వారానికి 10–12 కిలోల పచ్చిపేడ చాలు. రెండు గేదెలు రోజుకే 35 కిలోల దాకా వేస్తాయి. అంత పేడ కుళ్లడానికీ, పెరిగిపోయిన నాచు రాత్రంతా పీల్చుకోవడానికీ నీటిలోని ప్రాణవాయువు అయిపోతోంది. పేడ, దాణా ఆపి, రాత్రి 2 గంటల నుంచి పొద్దెక్కే వరకు మోటారుతో కొత్త నీళ్లు ఎత్తు నుంచి పడేలా పెట్టండి. మోచేతి వరకు చేయి ముంచినప్పుడు అరచేయి స్పష్టంగా కనిపించేదాకా మళ్లీ పేడ వేయొద్దు. ఆ తర్వాత కూడా వారానికి 10 కిలోలే, ఎండ ఉన్న రోజు ఉదయం, నీళ్లలో కలిపి చల్లాలి. ఇంత కుంటకు 200 పిల్లలు చాలు. చేపలు తేరుకున్నాక మిగతావి పట్టేయండి. వరికి పురుగుమందు కొట్టిన నీళ్లు కుంటలోకి రాకుండా గట్టు వేయండి.

ఇక గేదెలు. ఒక్కోదానికి రోజుకు 20–25 కిలోల పచ్చిమేత, 5–6 కిలోల ఎండుగడ్డి కావాలి. పది మేకలు మరో 35 కిలోల పచ్చిమేత తింటాయి. మీ పొలంలో పశుగ్రాసానికి ఒక్క సెంటు కూడా లేదు! వరిగడ్డిలో మాంసకృత్తులు నాలుగు శాతానికి మించవు. ఆ లోటును ఏ టానిక్ సీసా పూడ్చదు. అమ్మేవాళ్లు మేత గురించి అడగరు, వాళ్ల దగ్గర ఉన్నది సీసాలే కదా.

ఇరవై సెంట్లు వరి నుంచి తీసి హైబ్రిడ్ నేపియర్ అనే పశుగ్రాసం నాటండి. రెండడుగుల దూరంలో పది సెంట్లకు సుమారు 1,100 కణుపులు పడతాయి. మొదటి కోత 65–70 రోజులకు, తర్వాత ప్రతి 40–45 రోజులకు. గట్ల మీద మేతకు అవిశ చెట్లు వేయండి. ఈ పచ్చిమేత చేతికొచ్చేలోగా వరిగడ్డిని మాగబెట్టండి: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50–60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి చల్లి, తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు కప్పాలి. తీశాక కాసేపు ఆరబెట్టి వేయండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. యూరియా నీళ్లను పశువులు ముట్టకుండా చూడండి, తాగితే ప్రాణం పోతుంది.

దాణా రోజుకు ఒంటి పోషణకు కిలోన్నర, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు. ఎదకు రాని గేదెకు ముందు చూడి పరీక్ష చేయించండి. గేదెల్లో మూగ ఎద, అంటే లక్షణాలు పైకి కనిపించని ఎద, మామూలే, చూడి కట్టి ఉన్నా మీకు తెలియకపోవచ్చు. చూడి లేకపోతే కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాముల చొప్పున ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు తాగించి, రెండు నెలలు మేత సరిచేయండి. ఒంట్లో సత్తువ లేకుండా హార్మోన్ ఇంజెక్షన్లు వేయించడం దండగ.

పాల డబ్బు రోజూ వస్తుంది, అవసరానికి మేక అమ్ముకోవచ్చు, ఒక పంట పోయినా ఇల్లు గడుస్తుంది. చిన్న రైతులు ఈ పద్ధతికి వస్తున్నది ఇందుకే, ఆ ఆలోచన సరైనదే. కానీ ఒకదాని వ్యర్థం ఇంకోదానికి మేతో ఎరువో అయితేనే ఖర్చు తగ్గుతుంది. మీ దగ్గర అన్నీ ఉన్నాయి గానీ ఒకదానికొకటి కలవలేదు. మిగిలిన పేడను వర్మీకంపోస్టు చేసి వరికి వేస్తే ఎరువుల ఖర్చు కొంత దిగుతుంది. గడ్డి కోత, పేడ ఎత్తడం ఇంట్లో ఎవరి మీద పడుతున్నాయో కూడా చూడండి. చాలా ఇళ్లలో ఆ భారం ఆడవాళ్లదే, దాన్ని ఎవరూ ఖర్చులో రాయరు.

ఇప్పటికి రెండు మేకలు ఉంచి మిగతావి అమ్మేయండి. నేపియర్ రెండో కోత వచ్చాక, రోజూ గడ్డి మిగులుతుంటే అప్పుడు పెంచుకోవచ్చు. కొత్తవి తెస్తే మందలో కలిపే ముందు పీపీఆర్ (మేకలకు, గొర్రెలకు వచ్చే ప్రాణాంతక అంటువ్యాధి) టీకా వేయించి, మూడు వారాలు విడిగా కట్టేయండి.